ఎవరికీ దెబ్బ తగలని ప్రమాదం

మా ఆయన హాతీరాంకు ఒకచోట కుదురుగా కూర్చునే గుణం లేదు. పెళ్లిచూపులకు మా తండాకు వచ్చిన రోజు కూడా మంచం మీద కూర్చోకుండా, మా బోరు మోటారు అట్లా ఎందుకు మోగుతోందని దాని దగ్గరికే పోయాడు. పిల్లను చూడమంటే మోటారును చూసి పోయాడని మా వాళ్లు ఇప్పటికీ ఆటపట్టిస్తారు. దమ్మపేట అవతల పామాయిల్ ఫ్యాక్టరీలో బాయిలర్ ఆపరేటర్ పని ఆయన కోసమే పుట్టినట్టుంది. ఆవిరి ఎక్కువైతే తగ్గించాలి, తగ్గితే పెంచాలి. కూర్చుందామన్నా కూర్చోనివ్వదు.

నా తమ్ముడు కోటేష్‌ను కూడా ఆయనే అందులో పెట్టించాడు. పెద్ద పెద్ద ఇనుప ట్యాంకుల్లోకి ఆయిల్‌పామ్ గెలలు తోసి తలుపు బిగించడం వాడి పని. బాయిలర్ నుంచి వచ్చే ఆవిరికి లోపల గెలలు ఉడుకుతాయి. ఉడికాక తలుపు తీసేదీ వాడే. బావ ఆవిరి పంపుతాడు, బామ్మర్ది తలుపు కాస్తాడు, ఇక మీ ఇంట్లో పప్పు ఉడకడానికి పొయ్యి ఎందుకని పక్కింటి సైదమ్మ నన్ను ఏడిపించేది.

పోయిన ఎండాకాలం ఒక పొద్దున, అందరూ టీ తాగడానికి బయటికి వచ్చినప్పుడు, మొదటి ట్యాంకు తలుపు ఊడి ఎదుటి గోడకు కొట్టుకుంది. గోడ కూలింది. షెడ్డంతా ఆవిరి కమ్మి, లోపల ఏముందో కనపడలేదు. కోటేష్ చేతిలో టీ గ్లాసు అట్లాగే ఉండిపోయిందట. ఎవరికీ చిన్న గీత కూడా పడలేదు. తల్లి ముత్యాలమ్మే కాపాడిందని అందరూ దండాలు పెట్టుకున్నారు. నేనూ పెట్టుకున్నాను.

మా ఆయన మాత్రం ఆ రోజు నుంచి కాలుగాలిన పిల్లి అయిపోయాడు. హైదరాబాద్‌లో బాయిలర్ పరీక్షకు పోయినప్పుడు అక్కడి ఆఫీసరు చెప్పిన మాట ఆయన తలలో తిరుగుతోంది. మనిషికి దెబ్బ తగిలితేనే కాదు, ఎవరికీ తగలకపోయినా సరే, ఇట్లా ఆవిరి ట్యాంకు పగిలితే వెంటనే ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్‌కు కబురు పెట్టాలి. అది మేనేజర్ మీద చట్టం పెట్టిన బాధ్యత. ఈసారి తప్పించుకున్నవాళ్లు వచ్చేసారి తప్పించుకోలేరు కదా, అందుకని. కబురు పెట్టారా అని ఈయన పోయి మేనేజర్‌నే అడిగాడు.

“ఎవరికేమైందని పెట్టాలి హాతీరాం?” అన్నాడట మేనేజర్.

కబురు పెట్టలేదు గానీ యాటను తెప్పించాడు. ఫ్యాక్టరీ గేటు ముందు ముత్యాలమ్మకు కోసి, పనివాళ్లందరినీ ఇంటిల్లిపాదితో భోజనానికి పిలిచాడు. మాకు అదొక అలవాటు. గండం తప్పితే అమ్మకు ఇస్తాం, అందరం కలిసి తింటాం, ఇక దాని సంగతి ఎత్తం. ఆ ముద్ద నోట్లో పెట్టుకున్నవాడు మనసులో ఏమీ మిగల్చుకోలేదని లెక్క.

బంతిలో నేను బొమికలు కూడా వదలకుండా తిన్నాను. మా ఆయన ఆకు ముందు కూర్చున్నాడు. అన్నం పెట్టారు, కూర పోశారు. ఆ అన్నం వంక కాసేపు చూసి, చెయ్యి పెట్టకుండా లేచి నల్లా దగ్గరికి పోయాడు. బంతంతా చూసింది. మేనేజర్ కూడా చూశాడు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అప్పుడు ఆయన మీద వచ్చిన కోపం ఇంతా అంతా కాదు.

ఇంటికి రాగానే కోటేష్ వెనకే వచ్చాడు. సీజన్‌లో ఇన్‌స్పెక్టర్ వచ్చి మిల్లు ఆపితే కాంట్రాక్టు వాళ్లందరూ ఇంటికి పోవాల్సిందేనని, తనను పర్మినెంట్ చేసే మాట నడుస్తోందని, దాన్ని చెడగొట్టొద్దని బావ కాళ్లు పట్టుకున్నంత పని చేశాడు. ఈయన ఒకటే అడిగాడు, మిగతా ట్యాంకుల తలుపులు ఎవరైనా విప్పి చూశారా అని. కోటేష్ చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

నా బాధ ఎవరితో చెప్పుకోను? ఒకవైపు తమ్ముడి ఉద్యోగం, ఇంకోవైపు ఆ తమ్ముడి ప్రాణమే. మా ఆయన వాకిట్లోంచి గేదె దగ్గరికి, గేదె దగ్గర నుంచి వాకిట్లోకి తిరుగుతూనే ఉన్నాడు. చేస్తే చెయ్యి, మానితే మాను, ముందు ఒకచోట నిలబడు అని అరిచాను. నిలబడ్డాడు. జేబులోంచి ఫోన్ తీసి ఇన్‌స్పెక్టర్ ఆఫీసుకు కలిపాడు.

పేరు మాత్రం చెప్పొద్దని సైగ చేశాను. అవతలి ఆఫీసరు కూడా అదే అన్నాడు. ఫిర్యాదు చేసినవాళ్ల పేరు బయటపెట్టడానికి చట్టం ఒప్పుకోదట.

“ఆకు ముందు నుంచి లేచినప్పుడే నా పేరు అందరికీ తెల్సిపోయింది సార్. రాసుకోండి, హాతీరాం, బాయిలర్ ఆపరేటర్,” అన్నాడు మా ఆయన.

మర్నాడు పోతే గేటు దగ్గరే ఆపి, తామే ఫోన్ చేసి పిలిచేదాకా పనికి రావద్దన్నారట. తండాలో ఆడవాళ్లు నన్ను చూసి మాట ఆపేయడం మొదలుపెట్టారు. కోటేష్ మా ఇంటి ముందు నుంచి పోతూ తల కూడా తిప్పేవాడు కాదు. నాకు ముద్ద దిగేది కాదు. ఇన్‌స్పెక్టర్ వచ్చి అంతా బాగుందని పోతే మేమేం కావాలి? బాగా లేదంటే ఈ జనం మమ్మల్ని బతకనిస్తారా? ఏది జరిగినా నష్టం మాకే అనిపించేది.

ఇన్‌స్పెక్టర్ జీపు వచ్చిందన్న కబురు ఒక మధ్యాహ్నం తెలిసింది. మిల్లు పొగ ఆగిపోయింది. మా ఆయన ఇంటి చుట్టూ ఎన్నిసార్లు తిరిగాడో. పొద్దు వాలే వేళకు కోటేష్ బండి మా వాకిట్లో ఆగింది. వాడి బట్టల నిండా గ్రీజు, ముఖంలో నెత్తురు లేదు. తిట్టడానికే వచ్చాడనుకుని అడ్డం పోయాను.

“అక్కా, ఇన్‌స్పెక్టర్ రెండో ట్యాంకు చల్లార్పించి, తలుపు బిగించే రింగు మీది గ్రీజు తుడిపించిండు. జానెడు పగులున్నది,” అన్నాడు. చేతులకున్న గ్రీజు చొక్కాకు తుడుచుకుంటూ, “పొద్దున దాన్ని మూసింది నేనే. గంటసేపు దాని పక్కనే నిలబడ్డ,” అన్నాడు.

వాడి వీపు మీద ఒక్కటి వేశాను. ఎందుకో తెలియదు. తర్వాత వాడిని పట్టుకుని పెద్దగా ఏడ్చాను. మిల్లు ఎప్పుడు తెరుస్తారో, తెరిచినా వీళ్లిద్దరినీ రానిస్తారో లేదో ఎవరికీ తెలియదు. కానీ వాడు నా చేతుల్లో ఉన్నాడు, వెచ్చగా ఉన్నాడు.

మా ఆయనకు సంతోషపడడం కూడా సరిగ్గా రాదు. ఆ తలుపులు చేసిన మనిషే ఆంధ్రా సరిహద్దు అవతల ఇంకో మిల్లుకూ చేసిచ్చాడని, అక్కడివాళ్లకు ఈ సంగతి ఎవరైనా చెప్పారా అని అడుగుతూ అప్పటికే చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. ఇంకో ఊరి గొడవ మనకెందుకన్న మాట నా నోటి చివరిదాకా వచ్చింది. అక్కడ కూడా ఒకత్తెకు తమ్ముడు ఉంటాడు. నోరు మూసుకున్నాను.

కోటేష్ ముఖం కడుక్కుని వచ్చి బండి స్టార్ట్ చేశాడు.

“ఎక్కు బావా. నువ్వు దారి చూపిస్తే చాలు. తలుపు కాడ నిలబడ్డోణ్ణి నేను, నేనే చెప్త.”