ఎర్ర రంగు పూసిన తోకలు

మీరు కళ్ళారా చూడని సంగతిని రుజువైందని నలుగురిలో చెప్పి ఎన్నిసార్లు చప్పట్లు కొట్టించుకున్నారు? నేను ఒకసారి కొట్టించుకున్నాను. ఆ చప్పట్లలో మా అక్క చేతులూ ఉన్నాయి. అసలు సంగతి తెలిసి కూడా కొట్టింది.

అక్కా బావా సుంగై సుమున్ దగ్గర, ఎస్టేట్ కూలీల పాత లైన్ ఇళ్ళు కూల్చేశాక కట్టుకున్న ఇంట్లో ఉంటారు. ఇంటి వెనకంతా పామాయిల్ తోట. నేను తెలుక్ ఇంటాన్‌లో బడిపంతులుని. శనివారం సాయంత్రం కారేసుకుని వాళ్ళింటికి పోవడం, బావతో కలిసి పునుగు పిల్లులకి బోను పెట్టడం మూడేళ్ళపాటు నా సరదా. ఇక్కడ అందరూ దాన్ని మలయ్ మాటతో ముసాంగ్ అంటారు. అది మా కోళ్ళను ఎత్తుకుపోయిందీ లేదు, పంట పాడుచేసిందీ లేదు. దాన్ని పట్టాలంటే ప్రభుత్వ అనుమతి కావాలని నాకు తెలుసు. పట్టి వదిలేస్తున్నాం కదా అని సర్దిచెప్పుకున్నాను. ఎదుటివాళ్ళ సాకులను ఊరూరా చీల్చి చెండాడే నేను, నా సాకును మాత్రం ముద్దుగా పెంచుకున్నాను.

బోనంటే ఇనుప వలతో చేసిన పొడవాటి పెట్టె. లోపల చివర మగ్గిన అరటిపండు, దాని ముందు ఒక రేకు పలక. పలక తొక్కగానే వెనక తలుపు పడిపోతుంది. మనిషి వాసన రాకుండా ముందుగా చేతులకు పండు గుజ్జు రాసుకోమనేవాడు బావ.

"సబ్బెట్టి తోముకుని వచ్చినావేటి బామ్మర్దీ? ముసాంగ్‌తో పెళ్ళిసూపులా?"

"నీ సెమట కంపుకి ఈ జిల్లాలో ముసాంగ్ అనేది మిగల్దు బావా."

తెల్లారాక వెళ్ళి చూసేవాళ్ళం. పిల్లి పడి ఉంటే ముందు బోను మీద గోనెపట్టా కప్పాలి. లోపల చీకటైతే అది గింజుకోవడం మానేస్తుంది. తర్వాత నా పని. పట్టా ఒక మూల ఎత్తి, వల సందులోంచి బయటికొచ్చిన తోక చివర ఎర్ర గోళ్ళరంగు పూసేవాణ్ణి. నది దాటించి వదిలినా ముసాంగ్ తన చోటికి తిరిగొస్తుందని మావాళ్ళందరి నమ్మకం. అది తేల్చాలని నా పట్టుదల. రంగున్న తోక మళ్ళీ మా బోనులో పడితే వాళ్ళ మాట నిజం.

రంగు సీసా అక్కది. ఇస్తూ ఎప్పుడూ నవ్వేది. "ముసాంగ్‌కి ముస్తాబు సేస్తావు, నీ పెళ్ళానికి ఒక్కనాడు పూసినావా?"

ఆదివారం ఎనిమిదిన్నరకి నాకు ట్యూషన్ క్లాసు. అందుకని బోనును పికప్‌లో వేసుకుని, వంతెన దాటి, అవతలి ఒడ్డున తలుపు తీసే పని బావది. మధ్యాహ్నం ఫోన్ చేసేవాణ్ణి.

"ఒగ్గీసినావా?"

"ఒగ్గీసినాను. తలుపు తియ్యగానే ఒకటే పరుగు. ఎనక్కి తిరిగి సూడ్నేదు."

ఎంత దూరం గెంతిందో, ఏ పొదలో దూరిందో చెప్పేవాడు. నేను నోట్‌బుక్‌లో రాసుకునేవాణ్ణి. అలా మొత్తం ఏడు తోకలకి రంగు పూశాను. ఒక్కటీ తిరిగి రాలేదు.

ఆ నోట్‌బుక్ పట్టుకుని మా తెలుగువాళ్ళ సంఘం హాలులో గంటసేపు మాట్లాడాను. తాతలు చెప్పారని తలూపకండి, పరీక్షించి చూడండి అన్నాను. పనిలో పనిగా ముసాంగ్ కొవ్వు తింటే ఆయాసం పోతుందనే వాళ్ళనీ పట్టుకున్నాను. "కొవ్వు తింటే పెరిగేది కొవ్వే, అదీ బుర్రలో" అన్నాను. హాలంతా నవ్వింది. ముందు వరసలో బావ నవ్వుతూనే తల దించుకున్నాడు. సిగ్గరి మనిషి కదా అనుకున్నాను. పక్కన అక్క చప్పట్లు కొడుతోంది. చిన్నప్పటి నుంచీ ఆయాసం ఉన్నది అక్కకే.

ఆ తర్వాత వచ్చిన వానల్లో ఒక మంగళవారం, బడిలో ఉండగా బావ ఫోన్ చేశాడు. "అక్కకి ఊపిరాడ్నేదు. ఆస్పత్రికి తెచ్చినాను, బేగి రా."

నేను వెళ్ళేసరికి అక్క ముఖానికి ఆక్సిజన్ మాస్కు ఉంది. ఊపిరి పీల్చిన ప్రతిసారీ మెడ కింద గుంట లోపలికి పీక్కుపోతోంది. రోజూ పీల్చే మందు వాడుతోందా అని డాక్టరమ్మ మలయ్‌లో అడిగింది. వాడుతోంది అన్నాడు బావ. ఆ మందేదో తెచ్చి చూపించమంది. బావ దగ్గర ఇంటి తాళం తీసుకుని లేచాను. "నాను ఎల్తాను" అన్నాడు బావ. "నువ్వు అక్క దగ్గరుండు" అన్నాను. "తాళం నాకియ్యి, నానే ఎల్తాను" అన్నాడు మళ్ళీ. కంగారులో ఉన్నాడనుకుని నేనే వెళ్ళాను.

వంటింటి అలమరలో మందు డబ్బాలు నాలుగున్నాయి. క్లినిక్‌లో ఇచ్చిన సంచిలోనే ఉన్నాయి. అన్నీ ఈ ఏడాది తేదీలవే, ఒక్కదానికీ సీలు విప్పలేదు. పక్కన ఒక గాజు సీసా, దాన్నిండా పచ్చగా పేరుకున్న కొవ్వు, అందులో గుచ్చిన చెంచా. మూత దగ్గర వాసన చూశాను. మూడేళ్ళు బోను పక్కన కూర్చుని పీల్చిన వాసన అది.

పెరటి తలుపు తీసి కట్టెల పాకలోకి వెళ్ళాను. తోకలు పారేస్తే మందు పనిచెయ్యదని బావకి ఎవరో చెప్పారట, అది తర్వాత తెలిసింది. దూలానికి కట్టిన తీగ మీద వరసగా వేలాడుతున్నాయి. ఏడూ. ప్రతిదాని చివరా అక్క గోళ్ళరంగు.

ఆస్పత్రి వరండాలో నాలుగు డబ్బాలూ బావ ఒళ్ళో పెట్టాను.

"ఏడూ కోసినావా?"

"కోసినాను."

"ఆ గెంతడం, ఆ పొద, అదంతా ఏటి మరి?"

"నువ్వు అడుగుతుంటే సెప్పినాను. నువ్వు రాసుకుంటున్నావని ఇంకొంచెం సెప్పినాను."

"నా సేత హాల్లో అబద్ధం సెప్పించినావు బావా."

"నీకెప్పుడూ నీ హాలే. కొవ్వు ఎట్టినకాణ్ణుంచీ రెండేళ్ళు దానికి ఆయాసం రాలేదు. నాను కళ్ళతో సూసినాను. నువ్వేటి సూసినావు?"

ఆ రెండేళ్ళూ అక్క మందు కూడా పీలుస్తూనే ఉంది. కొవ్వుతోనే బాగుందనుకుని ఈ ఏడాది మందు ఆపేసింది. ఆ మాటే అన్నాను. బావ డబ్బాలు చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు.

"నాకు ఒక్క ముక్క సెప్పుంటే?"

"మీ అక్కే వద్దంది."

రెండు రోజుల తర్వాత మాస్కు తీశారు. అడగకుండా ఉండలేకపోయాను.

"రంగు సీసా ఇస్తున్నప్పుడు నీకు తెలుసా?"

"తెలుసు."

"మరెందుకు నవ్వినావు?"

అక్క గోడవైపు తిరిగింది. "నీకు తెలిస్తే బోను మానీసీవోడివి. మానీస్తే కొవ్వు ఎక్కణ్ణించి వస్తాది?"

నా కోపం ఇంకా తీరలేదు. బావ మీదకంటే అక్క మీద ఎక్కువ. ఊపిరి కోసం ఏదో ఒకటి పట్టుకుంది పాపం అని నాకు నేను చెప్పుకుంటాను, మరుక్షణం ఆ నవ్వు గుర్తొస్తుంది. నా నోట్‌బుక్ చూస్తే ఇంకా మంట. ఒక్కటీ తిరిగి రాలేదంటే అవతలి ఒడ్డున హాయిగా ఉన్నాయనుకున్నాను. చచ్చినవీ తిరిగి రావని తట్టలేదు. ఒక్క ఆదివారం ట్యూషన్ మాని ఆ పికప్ ఎక్కి ఉంటే చాలు. తాతల మాట నమ్మొద్దని ఊరికి చెప్పినవాణ్ణి, బావ మాటను వారం వారం సాక్ష్యంగా రాసుకున్నాను. ఆ పిల్లుల్ని కత్తి కిందికి పంపింది నా సరదానే.

బోనును సుత్తితో అణగగొట్టి పాత ఇనుములో పడేశాను. అదే హాలులో నిలబడి జరిగింది చెప్పాను. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అక్క రాలేదు.

ఇప్పుడు ఆదివారం వాళ్ళింటికి వెళ్తే ముందు మందు డబ్బా అడుగుతాను. దాని వెనక చిన్న కిటికీలో అంకె ఉంటుంది, పీల్చినకొద్దీ తగ్గుతుంది. పోయిన వారం అంకె సరిగ్గానే ఉంది. గాలిలోకి నొక్కి ఉండదని నమ్మకమేమిటి? నా ముందు పీల్చమన్నాను.

"నామీద నమ్మకం నేదేటిరా?"

"నేదక్కా."

నా కళ్ళలోకి చూస్తూ, కోపంగా, పీల్చింది.

మీ ఇంట్లో ఆయాసం మనిషి ఉంటే ఇది చదవడం ఆపి లేవండి. అలమర తలుపు తీయండి. మందు డబ్బా సీలు విప్పారో లేదో మీ చేత్తో పట్టుకుని చూడండి. వాడుతున్నాం అన్న మాటతో వెనక్కి తిరగకండి. ఎదురుగా కూర్చోండి, మీ కళ్ళముందు పీల్చమనండి. ఇవాళే.