చెరువు పక్కన నక్షత్రం

మా సంఘం ఆరాధించే మందిరం లింగంపల్లి దాటాక ఒక చెరువు పక్కన ఉంది. డాబా ఎక్కితే ఒకవైపు ఐటీ కంపెనీల అద్దాల మేడలు, ఇంకోవైపు నీళ్లు, ఆ నీళ్ల మీదుగా సాగిపోయే హైటెన్షన్ తీగలు కనిపిస్తాయి. ప్రతి డిసెంబరులో ఆ డాబా మీద క్రిస్మస్ నక్షత్రం కట్టేది నా భర్తే.

ఆయన ఒక ఆఫీసు భవనంలో ఎలక్ట్రీషియన్. వెదురు బద్దలు, ఎర్ర కాగితం, లోపల ఒక బల్బుతో మొదలైన నక్షత్రం ఏటేటా పెరుగుతూ వచ్చింది. కిందటేడు ఇనుప చట్రం చేయించి, దాని చుట్టూ తెల్లని ఎల్ఈడీ పట్టీలు బిగించారు. ఫ్లైఓవర్ మీద వెళ్లేవాళ్లకు కూడా కనబడాలని ఆయన కోరిక. అది డాబా ఎక్కకముందే, వర్షాకాలం చివర్లో, గుండె ఆగి పోయారు.

సంఘంలోని కుర్రాళ్లు ఆ చట్రాన్ని పొడవాటి పైపుకు కట్టి నిలబెట్టారు. మొదటి రోజు స్విచ్ నా చేత వేయించారు. అందరూ చప్పట్లు కొట్టారు, కొందరు ఏడ్చారు. నాకు ఏడుపు రాలేదు. ఆయన పోయినప్పుడూ రాలేదు. ప్రార్థన మాత్రం మానలేదు. మోకరించేదాన్ని, అలవాటైన మాటలు నోటివెంట వచ్చేవి, ఆమేన్ అని లేచేదాన్ని.

నేను నర్సును. డ్యూటీకి వెళ్లేముందు మందిరం ఊడ్చే వంతు ఆ చలికాలమంతా నాదే. ఒక ఉదయం పొగమంచులో వాకిలి ఊడుస్తుంటే చీపురుకు మెత్తగా ఏదో తగిలింది. తెల్లటి పక్షి. బూడిదరంగు రెక్కలు, ఎర్రటి కాళ్లు. ఒక రెక్క విరిగి వెనక్కి తిరిగి ఉంది. చిన్నప్పుడు మా ఊరి సముద్రం ఒడ్డున పడవల వెంట అరుస్తూ తిరిగేవి ఇవే. సముద్రం లేని ఈ ఊళ్లో వీటికేం పనో నాకు అర్థం కాలేదు. పాత పేపర్లో చుట్టి గోడవార పూడ్చాను. తర్వాతి రోజుల్లో ఇంకొన్ని పడ్డాయి. వాటినీ పూడ్చాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పాలని తోచలేదు.

ఆ ఆదివారం ఆరాధన ముగిసి అందరూ టీ తాగుతుండగా ఒకమ్మాయి గుడ్డసంచితో లోపలికి వచ్చింది. దగ్గర్లోని కంపెనీలో ఉద్యోగమట. సెలవు రోజుల్లో చెరువు దగ్గర పక్షుల్ని చూస్తుందట.

"జర రెండు నిమిషాలు మాట్లాడాలె సార్," అంది.

మా సంఘ పెద్ద కూకట్‌పల్లిలో ఉండే రిటైర్డ్ టీచరు. ఆయన ఎదురెళ్లారు. "రామ్మా, కూర్చో. ప్రార్థన అవసరత ఏమన్నా ఉందా?"

"నాకు కాదు సార్, వీటికి," అని సంచి తెరిచింది.

"ఏంటమ్మా ఇది! మందిరంలోకి చచ్చిన పిట్టల్ని తెస్తావా?"

"మీ గోడ అవుతల, చెరువు దిక్కు దొరికినయ్ సార్. చలికాలం గడపనీకి ఎంతో దూరం నుంచి వస్తయి. మంచు పట్టినప్పుడు గింత పెద్ద లైటు కనవడితే దాని చుట్టే తిరుగుతయి. లావు తీగలు చూసి పైకి లేస్తయి. వాటి మీద సన్నతీగ ఇంకోటి ఉంటది, అది కనవడదు. దానికి తగిలి పడుతున్నయి."

"అయితే కరెంటోళ్లని అడుగు. తీగలు వాళ్లవి, నక్షత్రం మాది."

"అడిగిన సార్. పిట్టలకు కనవడేటట్టు తీగల మీద బిళ్లలు తగిలిస్తమన్నరు. ఎప్పుడో తెల్వదు. అప్పటిదాంక మీ లైటు బంద్ చేస్తే సాలు."

"పండగ ముందు నక్షత్రం ఆర్పమంటావా? జ్ఞానులకి దారి చూపించిందే నక్షత్రమమ్మా! పైగా అది మా బ్రదర్ చేసిన ఆఖరి పరిచర్య. అదిగో, ఆ సిస్టర్ భర్త."

ఆ అమ్మాయి నన్ను చూసి సంచి మూసేసింది. "సారీ అక్కా. నాకు తెల్వదు."

పాస్టరుగారు గ్లాసు పక్కన పెట్టారు. "సిస్టర్, మీ మాటే మా మాట. ఉంచమంటే ఉంటుంది."

అందరూ నా వైపు చూశారు. మా ఆయన చేతులతో చేసినవాటిలో ఇంకా వెలుగుతున్నది అదొక్కటే. దాన్ని ఆర్పితే ఇక ఏమీ మిగలదని తెలుసు. నేను సంచి అందుకుని ఒక పక్షిని బయటికి తీశాను. హాస్పిటల్లో చూసినట్టే మెడ, రెక్క, ఛాతీ తడిమి చూశాను. తండ్రికి తెలియకుండా ఒక్క పిచ్చుకైనా నేల రాలదని ఏళ్ల తరబడి సండే స్కూల్ పిల్లలకు ధైర్యంగా చెప్పాను. రాలదని ఆ వాక్యంలో లేదని, తెలుస్తుందని మాత్రమే ఉందని ఆ క్షణంలో గమనించాను. తెలిసినవాళ్లలో ఇప్పుడు నేనూ ఉన్నాను. తెలిసీ రోజూ గోడవార పూడుస్తున్నాను.

"ఆర్పేద్దామండి," అన్నాను.

"తొందరపడకమ్మా. బ్రదరే ఉంటే ఒప్పుకునేవాడా?" అన్నారు పెద్దాయన.

"మీకన్నా ఎక్కువ గొడవ చేసేవారండి. అంతా అయ్యాక ఆయనే వెళ్లి వైరు పీకేవారు."

కొందరు నవ్వారు. పెద్దాయన కూడా కళ్లజోడు తీసి తుడుచుకుంటూ నవ్వారు. నేను డాబా ఎక్కాను. వైరు చివర ఆయన చుట్టిన నల్లటి టేపు ఇంకా గట్టిగానే ఉంది. ప్లగ్గు లాగేశాను. పట్టపగలు కాబట్టి ఏమీ మారినట్టు కనిపించలేదు.

పండగకి హాల్లో గుమ్మం మీద చిన్న కాగితం నక్షత్రం కట్టారు. "ఈసారి డాబా మీద స్టార్ లేదేంటండీ?" అని ఎదురు అపార్ట్‌మెంట్ ఆవిడ అడిగితే పక్షుల కోసమని చెప్పాను. ఆవిడ నమ్మినట్టు లేదు.

తర్వాత చాలా ఉదయాలు వాకిలిలో ఆకులే ఊడ్చాను. జనవరిలో ఒక రోజు మళ్లీ ఒక పక్షి కనిపించింది. తీగలు ఇంకా బోసిగానే ఉన్నాయి. ఆ అమ్మాయి ఆ ఆదివారం ఇచ్చి వెళ్లిన నంబరుకు ఫోన్ చేశాను.

"ఒక్కటేనా అక్కా?"

"ఒక్కటే."

"మునుపటికంటే నయం. ఫొటో పంపు అక్కా, బిళ్లల సంగతి మళ్ల అడుగుత. ఈసారి నువ్వు గూడ రా."

"వస్తాను," అన్నాను.

ఫొటో తీసి పంపి, పక్షిని గోడవార పూడ్చి, లోపలికెళ్లి మోకరించాను. అలవాటైన మాటలు ఆ రోజు రాలేదు. తండ్రీ, ఇవాళ ఒకటి పడింది, అని మాత్రం చెప్పాను. తెలిసే ఉంటుందని తెలిసీ చెప్పాను. లేచి చేతులు కడుక్కుని, తాళం వేసి, డ్యూటీకి బయల్దేరాను.