ఫెర్లీ దొరగారి చివరి చాట్రాయి ప్రయాణం

అరవైల మధ్యలో ఒక మే నెల శనివారం, తెల్లవారి ఆరుంబావు పాసింజరుకు ఏలూరు స్టేషన్లో ఫెర్లీ దొరగారూ నేనూ ఎక్కాం. నేను హైస్కూల్లో తెలుగు పండితుణ్ణి. ఆయన ప్రెస్బిటేరియన్ మిషనరీ, చాలా ఏళ్లుగా సెమినరీలో ప్రొఫెసరు. సీమ నుంచి కొత్తగా దిగినప్పుడు ఆయనచేత ఓనమాలు దిద్దించింది నేనే. నెలాఖరుకు ఆయన ఓడెక్కి వెళ్లిపోతున్నారు. ఇక రారు. ‘ఒక్కసారి చాట్రాయి వెళ్లి రావలెను, పంతులుగారూ, మీరూ రండి’ అన్నారు. కాదనడానికి నాకు నోరు రాలేదు.

శనివారమే బయల్దేరడం దేనికంటే, ఆదివారం ఆయన ప్రయాణం చేయరు. ఆదివారం ఆ ఇంట్లో పొయ్యి వెలగదు, పేపరు విప్పరు, వీధిలోకి ఎంత మంచి రసాలు వచ్చినా బేరమాడరు. బైబిల్లో ఉన్నది ఉన్నట్టే జరిగిందనే పాతకాలం మనిషి. సెమినరీలో కొత్తగా చేరిన ప్రొఫెసర్లు, యోనా చేప కడుపులో మూడు రోజులు ఉండటం ఒట్టి నీతికథేనని పాఠం చెప్పారట. అప్పట్నుంచి వాళ్లకూ ఈయనకూ ఉప్పూ నిప్పూ. ఆ బాధ నా దగ్గర చెప్పుకునేవారు. ఆంజనేయస్వామి సముద్రం దాటాడంటే అనుమానపడనివాణ్ణి, నాకు యోనా ఒక లెక్కా? ఆ సంగతిలో సాటి ప్రొఫెసర్లకంటే నేనే ఆయనకు దగ్గరవాణ్ణి.

రైల్లో అసలు సంగతి చెప్పారు. పదేళ్ల కిందట, ఆ ప్రాంతపు సంఘాలు ఆయన పెత్తనం కింద ఉన్నప్పుడు, చాట్రాయి అవతల ఒక పేటలో యాకోబు అని సంఘపెద్ద ఉండేవాడు. మామిడి కోతల మేస్త్రీ. ఒక ఆదివారం గుడికి రాకుండా కోతకు వెళ్లాడు. దొరగారు అతన్ని పెద్దరికం నుంచి తీసేసి, ప్రభు భోజనపు బల్లకు, అంటే గుళ్లో అందరికీ పంచే పవిత్రమైన రొట్టెకు, దూరంగా ఉంచారు. తప్పయిందని ఒక్కమాట అంటే మళ్లీ రొట్టె ఇస్తారు. అతను అనడు. ప్రతి ఆదివారం వచ్చి చివరి వరసలో కూర్చుంటాడు, రొట్టె పళ్లెం తనను దాటి పోతుంటే చూస్తాడు. తర్వాత వచ్చిన దొరలు పోనీలే రమ్మన్నా, ‘ఆపినాయనే పెట్టాలి’ అన్నాడట.

‘నేను వెళ్లిపోయిన పిమ్మట అతనికి ఇక దారి లేదు. ఎట్లయినను అతనిచేత ఆ మాట అనిపించవలెను’ అన్నారు దొరగారు.

ఈ దారిన వెళ్లేవారికి ఒక హెచ్చరిక. స్టేషన్ పేరు నూజివీడే గాని ఊరు ఆమడ దూరం. దిగి, బస్సుకోసం గంట సేపు ఎండలో నిలబడాలి. ఊళ్లోకి వెళ్లేసరికి తొమ్మిదిన్నర. హోటల్లో నేను ఇడ్లీ, కాఫీ కానిచ్చాను. దొరగారు ఇంటినుంచి తెచ్చుకున్న రొట్టె ముక్కలు తిన్నారు. బజారంతా గడ్డి పరిచిన బుట్టలు, రసాల వాసన. ఆ వాసన తలుచుకుంటే నాకిప్పటికీ ప్రాణం లేచివస్తుంది.

పదకొండున్నరకు చాట్రాయి మీదుగా పోయే బస్సు దొరికింది. మా పక్క సీట్లో ఖాళీ బుట్టతో ఒక పెద్దావిడ కూర్చుంది. పేరు వెంకాయమ్మ, విస్సన్నపేటలో దిగుతుందట. దొరగారికి తెలుగు రాదనుకుని నన్నే పలకరించింది.

‘దొరతో ఎందాకండీ?’

‘చాట్రాయి అవతల పేటకు. రేపు గుళ్లో బల్ల పెడతారు.’

‘మా యాకోబు మేస్త్రీ వెళ్లే గుడేనా? ఆయనకి మాత్రం పెట్టరుగదండీ.’

దొరగారు కిటికీ వైపే చూస్తున్నారు. ఆవిడ తన ధోరణిలో తను చెప్పుకుపోయింది.

‘ఆయన్ని ఆపేసిన ఏడు నేనూ ఆయనతోనే కోతకెళ్లానండి. ఆదివారం పొద్దున్నే మబ్బు పట్టేసింది. కాయ గాలికి రాలిందంటే షావుకారు కూలివ్వడు, మా ఇళ్లన్నీ పస్తే. మేస్త్రీ గుడికెళ్దామని కట్టుకున్న తెల్లబట్టలతోనే వచ్చి చెట్టెక్కాడండి. సాయంత్రం కూలి పంచి, తన వంతు ముట్టుకోలేదు. ఆదివారం కూలి నాకొద్దని అదీ మాకే పంచేశాడు. మేమా, మీ గుడివాళ్లం కూడా కాదాయె.’

విస్సన్నపేటలో ఆవిడ దిగిపోయింది. బస్సు కదిలాక దొరగారు మెల్లిగా అడిగారు. ‘పంతులుగారూ, ఆమె చెప్పినది నాకు సరిగా బోధపడినదా?’

‘బోధపడిందండీ. మీ తెలుగుకు లోటేం లేదు’ అన్నాను. ఆ తర్వాత దారి పొడుగునా తోటలే.

మూడింటికి చాట్రాయి దాటాక పేట దారి దగ్గర బస్సు ఆపించి దిగి, ఎడ్లబండిలో పేట చేరాం. బస పాస్టరుగారి ఇంట్లో, ఆయన దొరగారి పాత శిష్యుడు. మామిడికాయ పప్పుతో భోజనం పెట్టారు. సాయంత్రం గుడి అరుగు మీద చాపలు పరిచి సంఘపెద్దల్ని కూర్చోబెట్టారు. యాకోబు వచ్చి నిలబడ్డాడు. బక్కపల్చటి మనిషి, జుట్టు నెరిసిపోయింది.

‘కూలి తీసుకొనలేదని ఆనాడు నాతో ఎందుకు చెప్పలేదు?’ అన్నారు దొరగారు.

‘ఆదివారం పని చేశావా అని అడిగారండి. చేశానన్నాను. మీరడిగింది అంతేగదండీ’ అన్నాడు యాకోబు.

దొరగారు లేచి నిలబడ్డారు. ‘అవసరమునకును, కనికరమునకును ఆదివారము పని చేయవచ్చునని ముప్పది ఏండ్లుగా నేను పాఠము చెప్పుచున్నాను. ఇతనిని మాత్రము విచారించలేదు. తప్పు నాది’ అన్నారు. పెద్దలు ఆ రాత్రే యాకోబును తిరిగి సంఘపెద్దగా తీర్మానించారు. ఇంతటితో కథ సుఖాంతమనుకుని నేను హాయిగా నిద్రపోయాను.

మర్నాడు గుళ్లో జనం కిటికీల దాకా నిండారు. ప్రసంగం అయ్యాక దొరగారు బల్ల దగ్గర నిలబడకుండా, పాస్టరుగారికి అప్పగించి, నడుచుకుంటూ వచ్చి చివరి వరసలో యాకోబు కూర్చునే చోట కూర్చున్నారు. నేను ఆ పక్కనే ఉన్నాను. ‘ఇదేమిటండీ?’ అన్నాను. ‘అన్యాయముగా ఒకనిని ఆపినవాడు ఈ దినము తీసుకొనరాదు’ అన్నారు. యాకోబుకు పెట్టిన రూలే తనకూ పెట్టుకున్నారు.

పళ్లెం పట్టుకుని వరసలకు రొట్టె అందించే పని సంఘపెద్దలది. యాకోబు తన వరసలన్నీ ముగించి చివరికి వచ్చాడు. దొరగారు తల అడ్డంగా తిప్పారు. అతను కదల్లేదు. పాట అయిపోయింది, అందరూ వెనక్కి తిరిగి చూస్తున్నారు. దొరగారి చేతులు ఒళ్లోనే ఉన్నాయి.

‘తీసుకోండయ్యా, జనం కూర్చున్నారు’ అన్నాడు యాకోబు, అన్నం పెట్టి తినమన్నట్టుగా.

దొరగారు చెయ్యి చాపారు. తీసుకున్నారు. అప్పటికిగాని యాకోబు పళ్లెంలోంచి తన ముక్క తను తీసుకోలేదు.

సోమవారం పొద్దున ఏడింటి బస్సుకు తిరుగు ప్రయాణం. విస్సన్నపేట దాటాక డ్రైవరు పిలిచినచోటల్లా బస్సు ఆపి, తోటల దగ్గర బుట్టలు ఎక్కించుకుంటున్నాడు. నూజివీడు చేరేసరికి చాలా ఆలస్యమైంది. తీర్పులు చెప్పేవాళ్లను నా జీవితంలో ఎందరినో చూశాను. చెప్పిన తీర్పు కింద తనే వెళ్లి కూర్చున్నవాణ్ణి ఒక్కణ్ణే చూశాను. ఆయన మతం నాది కాదు, అయినా ఆయన్ని తలుచుకుంటే ఇప్పటికీ చేతులు జోడించాలనిపిస్తుంది.

రైలెక్కాక దొరగారు ఏలూరు దాకా కిటికీ దగ్గరే కూర్చున్నారు. ఒక్కసారే నోరు విప్పారు.

‘ఈ పదేండ్లలో ఆ బస్సులో ఎన్ని పర్యాయములు పోయితినో, పంతులుగారూ. అడిగిన ఎక్కడనైనను ఆపునని తెలియును. ఆ పేట దారి యొద్ద ఆపుమని నేను ఒక్కసారియు అడుగలేదు.’