బూడిద ఇటుక నన్ను ఓడించింది

ఈ రోజు బోయినపల్లిలో మా మనవరాలు లావణ్య ఇటుక బట్టీ విప్పింది. చెరువు మట్టి చాలక, సిరిసిల్లలో నూలుకు గంజి పెట్టే బాయిలర్ల బూడిద తెచ్చి, మట్టిలో కలిపి కాల్చిన మొదటి బట్టీ అది. నలభై ఏళ్లు ఇటుకలు కోసిన నేను ఊరుకుంటానా?

"బిడ్డా, బూడిదతోని బోళ్లు తోముతరు గని ఇల్లు కడ్తరా?" అన్నాను.

"నువ్వే ఇటుక కింద ఇడిసి సూడు తాతా. పల్గితే బట్టీ బంద్ వెడ్త. పల్గకపోతే రేపటి సంది బూడిద గంప నువ్వే మొయ్యాలె."

ఎవరైనా ఇటుకను ఛాతీ ఎత్తు నుంచి వదిలి చూస్తారు. నేను ట్రాక్టర్ డబ్బా ఎక్కి వదిలాను. లావణ్య కళ్లు మూసుకుంది. ఇటుక ధన్‌మని పడింది. మూల ఒక్కటే రాలింది.

"మూల పోయింది గదనే" అన్నాను.

"నీ ముందటి పండ్లు రెండు పోయినయ్. నిన్ను బంద్ వెట్టినమా తాతా?"

కూలీలంతా ఒకటే నవ్వు. నాకూ లోపల సంతోషమే.

రేపు పొద్దున ఏడింటికి గంప ఎత్తాలి. నడుము నొప్పి అంటే ఎవరూ నమ్మరు. కొత్త సాకు ఏదైనా ఉంటే కింద రాయండి. దొరక్కపోతే మోస్తాలే, బట్టీ నిలబడింది కదా.