మామ గోటి మీద ఇంజన్ ఆయిలు

పాలు చిక్కగా ఉన్నాయో లేదో చూడటానికి మా మామకి, అంటే మా ఆయన నాయనకి, ఏ మిషనూ అక్కర్లేదు. బొటనవేలి గోటి మీద ఒక చుక్క వేసుకుని వేలు వంచుతాడు. చుక్క నిలబడితే పాలు, జారిపోతే నీళ్ళు. పలమనేరు చుట్టుపక్కల ఆవులున్న ఇళ్ళలో పాతవాళ్ళంతా ఇంతే. అందులో నాకేమీ పేచీ లేదు. పేచీ ఎక్కడొచ్చిందంటే, మా పికప్ బండికి ఇంజన్ ఆయిలు కూడా ఆయన ఇలాగే కొన్నాడు.

ఒట్టు! చిత్తూరులో స్పేర్ పార్టుల అంగడి ముందు నిలబడి, డ్రమ్ముల్లోంచి లూజుగా అమ్మే ఆయిలు ఒక్కో చుక్క గోటి మీద వేయించుకుని, ఏది కదలకుండా కూర్చుందో దాన్ని తెచ్చాడు. దాని పేరు 20W-50. అదీ చాలదన్నట్టు, ఆయిలును ఇంకా చిక్కబరిచే మందు సీసా ఒకటి అందులో కలిపించాడు. ఇదేంది మామా అంటే, "ముసలి బండి కదా పాపా, దానికి బలం కావాల" అన్నాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అనే మనిషితో ఏం మాట్లాడతాం?

ఆ బండి ఆయన సెకండ్ హ్యాండులో కొన్న పాత డీజిల్ పికప్. నేను డ్రైవింగు నేర్చుకున్నది దాని మీదే. తిరుపతి ట్రాఫిక్కు చూస్తే మా ఆయనకి అరచేతులు చెమటలు పట్టేవి. ఒకరోజు రైతుబజారు దగ్గర బండి ఆపేసి, "ఇంక నావల్ల కాదు" అని దిగిపోయాడు. నేను పక్క సీటులోంచి జరిగి స్టీరింగు పట్టుకున్నాను. ఆనాటి నుంచీ మా చేలో పండే బీన్సు, క్యాబేజీ, టమాటా తిరుపతికి తోలేది నేనే. వచ్చేటప్పుడు ఆవులకి తవుడు, నూనె తీసిన చెనక్కాయ చెక్క బస్తాలు వేసుకొస్తాను. ఇంట్లో నలభై పనులు చేసినా రాని హుషారు, ఆ తలుపు వేసి తాళం తిప్పితే నాకు వస్తుంది.

మామ చిక్కటి ఆయిలు పోయించిన తర్వాత మాఘమాసం చలి వచ్చింది. మాది మొగిలి ఘాటు పైనుండే ఊరు, ఇక్కడి చలి సంగతి తిరుపతి వాళ్ళకి చెప్పినా నమ్మరు. తెల్లవారుజామున తాళం తిప్పితే సెల్ఫు మూలిగేది. ఎలాగో ఇంజన్ అందుకుంటే, డ్యాష్‌బోర్డు మీద నూనెడబ్బా బొమ్మ ఉన్న ఎర్రలైటు ఆరేది కాదు. ఆయిలు పైకి ఎక్కలేదని ఆ లైటు చెప్పే కబురు. అంతసేపూ బానెట్ కింద డబ్బాలో మేకులు పోసి ఊపినట్టు టకటకటక! పక్కవీధి కుక్కలు కూడా లేచి మొరిగేవి.

"ఇంజన్ అయిపోయింది మే" అన్నాడు మా ఆయన. "చిత్తూరులో బ్రోకరుకి చెప్పినా. శుక్రవారం వచ్చి సూస్తాడు. కొత్త బండి తీసుకుందాం."

"తీసుకుందాం. మంచిదే కదా" అన్నాను.

"దానికి డ్రైవర్ని పెట్టుకుందాం. లోను బండి, ఒక్క గీత పడినా నాకు నిద్ర పట్టదు. నువ్వు ఇంట్లో సుఖంగా ఉండు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇన్నాళ్ళూ ఆ బండికి పడిన గీతల్లో నేను పెట్టినవి ఎన్ని? ఒక్కటంటే ఒక్కటి, అదీ రివర్సులో, అదీ ఈయన "రా రా రా" అని చెప్తుంటే! సుఖంగా ఉండాలంట. పాత బండి పోతే నా స్టీరింగు కూడా దాంతోనే పోతుందని నాకు అప్పుడు అర్థమైంది. అది పోకూడదు. అంతే.

మరుసటి ఉదయం పొయ్యి దగ్గర కూర్చుని కోపంతో సంగటి ముద్దను పొడుస్తున్నాను. రాత్రి మిగిలిన ముద్ద చలికి రాయిలా అయింది. వేడి నీళ్ళు పోసి కలిపితే అంబలిలా జారింది. చెయ్యి ఆగిపోయింది. బండి కూడా చలికే కదా అరిచేది! పొద్దెక్కి ఇంజన్ వేడెక్కితే టకటక ఉండనే ఉండదు. నిజంగా ఇంజన్ అరిగిపోయి ఉంటే, వేడెక్కాక ఇంకా ఎక్కువ అరవాలి కదా?

ఫోను తీసి ఆ అంకెల అర్థం వెతికాను. W అంటే చలికాలానికి గుర్తట. దాని ముందున్న అంకె ఎంత చిన్నదైతే, చలిలో ఆయిలు అంత తొందరగా పారుతుంది. వెనకున్న అంకె, ఇంజన్ వేడెక్కాక ఆయిలు ఎంత చిక్కగా నిలుస్తుందో చెబుతుంది. అంటే ఒక్క ఆయిలుకి రెండు గుణాలు! ఇన్నేళ్ళు డబ్బాల మీద చూస్తూ అదేదో కంపెనీ నంబరు అనుకున్నాను. పలమనేరులో మా మెకానిక్‌కి ఫోను చేస్తే, "ఆ బండి కొత్తగా వచ్చినప్పుడు 15W-40 పోసేవాళ్ళమక్కా" అన్నాడు. నాకు అప్పుడే ఎగిరి గంతెయ్యాలనిపించింది.

కానీ మామని ఒప్పించాలి. ఆయనకి ఫోను చూపిస్తే పని కాదు, కళ్ళకి చూపించాలి. అందుకని మర్నాడు తెల్లారగట్ల అరుగు మీద పందెం పెట్టాను. స్టీలు పళ్ళెం ఒకటి గోడకి ఆనించి, పై అంచున మూడు చుక్కలు వేశాను: మామ ఆయిలు ఒకటి, నేను లీటరు డబ్బాలో కొనుక్కొచ్చిన 15W-40 ఒకటి, పక్కింటి కొత్త కారుకి పోయగా మిగిలిన 5W-30 ఒకటి. మా అత్త చీపురు పట్టుకుని వచ్చి నిలబడింది. మా ఆయన కూడా పళ్ళు తోముకుంటూ వచ్చాడు. కోడిపందేనికి కూడా మా ఇంట్లో అంత శ్రద్ధగా ఎవరూ కూర్చోలేదు.

కారు ఆయిలు సర్రున కిందికి దిగిపోయింది. 15W-40 నింపాదిగా, ఆగకుండా వెళ్ళింది. మామ ఆయిలు మాత్రం పై అంచునే కునుకు తీస్తోంది.

"సూసినారా మామా? పొద్దున్నే బండిలో కూడా ఇది ఇట్లానే కిందనే పడుకోనుంది. పైన ఇనుమూ ఇనుమూ ఒరుసుకుంటా ఉండాయి" అన్నాను.

మామ పళ్ళెం దగ్గరకి వంగి చూశాడు. లోపలికి వెళ్ళి మసిలే నీళ్ళ గిన్నె తెచ్చి, పళ్ళేన్ని దాని మీద పెట్టించాడు. వేడి తగలగానే కారు ఆయిలు నీళ్ళయిపోయింది. నాదీ బాగా పలచబడింది. మామది మాత్రం కొంచెం బింకంగానే ఉంది.

"ఇప్పుడు నువ్వు సూడు పాపా" అన్నాడు. "పొద్దున సంగతి సరే. మధ్యాన్నం ఎండలో, బస్తాలేసుకోని, మొగిలి ఘాటెక్కేటప్పుడు? ముసలింజను, లోపల సందులు ఎక్కువ. పల్సటిది నిలబడతాదా ఆడ?"

ఆయన అన్నది నిజమే. అరిగిన ఇంజన్‌లో ఆయిలు మరీ పలచబడితే ప్రెషర్ పడిపోతుంది, నడిచే బండిలో ఎర్రలైటు వెలుగుతుంది. అదే జరిగితే బండి కథ ముగిసినట్టే. చలికి నా మాట, వేడికి మామ మాట. మధ్యలో 15W-40. పళ్ళెం మీద తేలేది కాదు, ఘాటు మీదే తేలాలి.

మా ఆయన నోట్లో నురగ ఉమ్మి తీర్పు చెప్పాడు. "నీ ఆయిలే పోయించు. గురువారం తిరుపతికి పోయి, ఫుల్ లోడుతో తిరిగి రా. ఘాటులో ఎర్రలైటు రాలేదా, బ్రోకర్ని రావద్దంటా. వచ్చిందా, బండి ఇచ్చేస్తాం. నాయన పక్కన కూసోని సూస్తాడు."

"సరే" అన్నాను. వెంటనే మెకానిక్‌కి ఫోను చేశాను.

బుధవారం మెకానిక్ పాత ఆయిలు దించాడు. ఇంజన్ వేడిగా ఉన్నా అది బెల్లం పాకంలా సాగుతూ దిగింది. కొత్త ఫిల్టరు వేసి, డీజిల్ బండ్లకని రాసి ఉన్న 15W-40 పోశాడు. గురువారం తెల్లవారుజామున తాళం తిప్పాను. సెల్ఫు ఒక్క తిప్పుకే అందుకుంది. ఎర్రలైటు కనురెప్ప వేసేలోపు ఆరిపోయింది. టకటక లేదు! నేను వేసిన కేకకి కోళ్ళు గంపలోంచి లేచి రెక్కలు కొట్టుకున్నాయి.

"ఇల్లలకతానే పండగైపోతాదా?" అంటూ మామ బండెక్కాడు.

అసలు నేను నడిపే బండిలో ఆయన ఎప్పుడూ ముందు కూర్చోలేదు. కోడలి పక్కన మామ కూర్చోవడం మర్యాద కాదని, ఎండైనా వానైనా వెనక బస్తాల మీదే ప్రయాణం చేసేవాడు. ఆ రోజు తప్పలేదు. మడిచిన గోనెసంచి మా ఇద్దరి మధ్య గోడలా పెట్టుకుని, తలుపుకి అతుక్కుని కూర్చుని, చూపు మాత్రం డ్యాష్‌బోర్డుకి అతికించాడు. కాణిపాకం దారి మలుపు దగ్గర దణ్ణం పెట్టుకున్నాడు, అదీ ఎర్రలైటు వైపు తిరిగే!

తిరుపతిలో కూరగాయలు దించేసరికి ఎండ చురచురలాడుతోంది. తవుడు, చెక్క బస్తాలు నిండుగా వేసుకుని బయలుదేరాం. చిత్తూరు దాటాం. లైటు లేదు. ఘాటు మొదలైంది. లైటు లేదు. ఇంజన్ ఊపిరి బిగబట్టి ఎక్కుతోంది, నేనూ అంతే. ఒక్కో మలుపు దాటుతుంటే ఒళ్ళంతా పులకరింత. "రా తల్లీ, రా" అని పైకే అన్నాను. మామ ముందున్నాడన్న సిగ్గు కూడా లేదు.

సగం ఎక్కాక, ముందు గ్రానైటు బండ వేసుకున్న లారీ ఒకటి నత్తలా పోతోంది. రెండో గేరు, మొదటి గేరు. ఆఖరికి అది ఆగిపోయింది. దాని వెనక మేమూ ఆగాం. హ్యాండ్ బ్రేకు లాగాను. వేడికి బానెట్ మీద గాలి అలలు అలలుగా కదులుతోంది. ఇంజన్ శబ్దం చిన్నదైంది, ఇంకా చిన్నదైంది. అప్పుడు ఎర్రలైటు, ఆరిపోయే దీపంలా, మినుకుమంది.

యాక్సిలరేటర్ మీద కాలు కొంచెం ఆనించాను. ఆరిపోయింది. తీశాను. మళ్ళీ మినుకుమంది. మామ చూశాడు. ఆయన చూడటం నేను చూశాను.

"మామా..." అన్నాను.

"రోడ్డు సూడు పాపా" అన్నాడు.

లారీ కదిలింది. మేమూ కదిలాం. పైకి వచ్చేదాకా లైటు మళ్ళీ రాలేదు, నిండు బస్తాలతో, ఎండలో, ఒక్కసారి కూడా. కానీ అది ఇంక ఏం లాభం అనుకున్నాను. పందెం పందెమే. రోడ్డు మసకబారుతుంటే కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ ఇంటిదాకా నడిపాను.

మా ఆయన వాకిట్లో డ్రిప్పు పైపులు చుడుతున్నాడు. బండి ఆగగానే లేచి వచ్చాడు.

"లైటు వచ్చిందా?"

రాలేదు అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఈలోపు మామ కిందికి దిగి, నడుం పట్టుకుని నిటారుగా నిలబడ్డాడు.

"వచ్చింది" అన్నాడు.

అయిపోయింది అనుకున్నాను. తాళం తీసి చేతిలో పట్టుకుని దిగాను.

"ఘాటు మధ్యలో బండి నిలబడినప్పుడు వచ్చింది. కదిలినాక పోయింది. మెకానిక్ కాడ ఆయిలు ప్రెషరుకి గేజి పెట్టించి, బండి నిలబడినప్పుడు ఇంజను తిరిగే ఐడిలింగు రవ్వంత పెంచిస్తే సరిపోతాది" అన్నాడు మామ. "నన్నూ ఎండలో నిలబెడితే కాళ్ళు వణకతాయి. నడస్తా ఉంటే ఏమీ ఉండదు. అంతమాత్రానికి నన్నూ పాతినుముకి ఏసేస్తావా?"

మా ఆయన నా వైపు చూశాడు, బండి వైపు చూశాడు. నాయనకి ఎదురు చెప్పిన మనిషి కాదు. ఫోను తీసి బ్రోకరుకి చేశాడు. "రేపు రావద్దులే అబ్బా" అన్నాడు. అవతల వాడు ఎందుకని అడిగినట్టున్నాడు.

"ఆ బండి మా ఇంటామెది. అమ్మాలంటే ఆమెనే అడగాల" అన్నాడు.

నేను మళ్ళీ బండెక్కి, బస్తాలు దించడానికి పశువుల కొట్టం వైపు రివర్సు తీశాను. "రా రా రా" అని చెప్పడానికి ఈసారి ఎవరూ రాలేదు.