తిట్టమని మైకిచ్చిన సారు

మా బస్తీ రేడియో సారు పోయారు. ఎవరింట చావైనా పెళ్లైనా ఆ రేడియోలో చెప్పేది ఆయనే. ఆయన పోయిన కబురు చెప్పడానికి మాత్రం ఎవరూ లేక, గడప గడపకూ తిరిగి నేనే చెప్పాను. నాకు అక్షరం ముక్క రాదు. నేను చెప్తుంటే, ఖాలా, అంటే పిన్నమ్మ, అని అందరూ పిలిచే వెనక గల్లీ ఆమె కోడలు రాస్తోంది. ఒక్క మాట తగ్గించినా ఊరుకోను.

సికింద్రాబాద్‌లో మాది హిందువుల గల్లీ, వెనకది ముసల్మానులది. నడుమ ఒకటే నల్లా. అక్కడ పొద్దున్నే నేనూ ఖాలా తిట్టుకోకపోతే బస్తీకి తెల్లవారదు. సారు మా ఇద్దరినీ రేడియో గదికి పిలిచి చాయ్ పోసేవారు. "శాంతి శాంతి అని నేనంటే ఎవరింటరమ్మా? పక్కింటి గొంతైతే చెవి పెడ్తరు" అనేవారు. ఖాలా మైకులో దాల్చా వండే తీరు చెప్పేది, నేను వంకలు పెట్టేదాన్ని. నోరు చెడ్డదని అందరూ దూరం పెట్టిన నన్ను, నీ గొంతు పనికొస్తుందన్నది ఆయనొక్కరే.

ఒక ఊరేగింపు నాడు నల్లా దగ్గర జారిపడ్డాను. నుదురు చిట్లింది. నన్ను లేపి, కొంగుతో అదిమిపట్టింది ఖాలాయే. చూసినవాడెవడో ఫోన్లలో ఇంకోటి పెట్టాడు: ముసలమ్మను వెనక గల్లీ వాళ్లు కొట్టి చంపారని! అల్వాల్‌లో నా బిడ్డ గుండెలు బాదుకుంది. రెండు గల్లీల మొదట్లోనూ కర్రలు లేచాయి.

సారు పరుగున వచ్చి మమ్మల్నిద్దరినీ గదిలో కూర్చోబెట్టారు. అలవాటుగా మైకును గోటితో టకటకా కొట్టి నా ముందుకు జరిపారు.

"ఏం చెప్పాలె సారూ?"

"ఏం చెప్పకు. రోజూ తిట్టేటట్టు తిట్టు."

ఇంకేం కావాలి!

"ఎవడ్రా నన్ను సంపింది? మీ అందరి పిండాలు తిన్నంక గాని నేను పోను! కట్టెలు కిందేసి ఇండ్లకు పోతరా, నన్ను రమ్మంటరా?"

"జెర కదలకు, రక్తం కారుతుంది" అని ఖాలా కసిరింది.

"నువ్వు జెర మెల్లగ ఒత్తు! నా తలకాయేమన్న రొట్టె పిండా?"

అదీ మైకులో పోయింది. చాయ్ హోటల్ రేడియో దగ్గర కర్ర పట్టుకున్నవాడే ముందు నవ్వాడట. "ముసల్ది గట్లనే ఉన్నది, ఏం కాలే" అన్నాడట. కర్రలు ఇళ్లలోకి పోయాయి.

చదువుకున్నవాళ్లు దొరికేదాకా గదికి తాళం వేస్తామని ఇప్పుడు బస్తీ పెద్దలు అంటున్నారు. ఆ రోజు మైకు నా చదువు అడిగిందా? రేపు ఇంకెవడో ఫోన్లో ఇంకెవరినో చంపితే, తాళం మాట్లాడుతుందా? తాళంచెవి నా కొంగు ముడిలో ఉంది. రమ్మనండి.

నిన్న సాయంత్రం నేనూ ఖాలా వెళ్లి కూర్చున్నాం. సారు కుర్చీ జోలికి పోలేదు. గోటితో మైకును టకటకా కొట్టాను. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, తిట్టే వంతు ఖాలాకిచ్చి మైకు ఆమె వైపు జరిపాను.

"నువ్వే తిట్టు అక్కా, ఇంటున్నరు" అంది ఖాలా.

కిటికీలోంచి చూశాను. నల్లా గట్టు మీది రేడియో చుట్టూ రెండు గల్లీల ఆడవాళ్లూ నిలబడ్డారు. బిందె నిండి పొర్లుతోంది, ఎవరూ నల్లా కట్టేయడం లేదు.