ఖాళీ మూలకి విసిరిన బంతి

నా చిన్నప్పుడు, కొవ్వూరులో కేబుల్ టీవీ కొత్తగా వస్తున్న రోజుల్లో, మా మిషన్ స్కూలుకి ఒక ముసలి అమెరికా ఆయన వచ్చి ఏడాదిపాటు ఉన్నారు. మేమంతా తాతగారు అనేవాళ్ళం. గుమ్మం దాటాలంటే నడుం వంచాల్సినంత పొడుగు. వయసులో ఉన్నప్పుడు వాళ్ళ దేశంలో పేరున్న బాస్కెట్‌బాల్ ఆటగాడట. బస్సులో ఊరూరా తిరిగి ఆడుతుంటే జనం టికెట్లు కొనుక్కుని చూసేవారట. మంచి ఊపులో ఉండగానే ఆట మానేశారు. ఎందుకని అడిగితే మోకాళ్ళు చూపించేవారు.

సాయంత్రాలు మా ఆడపిల్లల టీముకి ఆట నేర్పేవారు. ఒక్కటే వింత. ఉన్నట్టుండి కుడి మూలకి, ఎవరూ లేని చోటికి బంతి విసిరేవారు. అది దొర్లుకుంటూ గోడ దాకా పోతే అలా చూస్తూ నిలబడిపోయేవారు. ముసలాయనకి చూపు ఆనడం లేదని మేం నోటికి చేతులడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళం. కొన్నాళ్ళకి నన్ను పిలిచి ఆ మూలలో నిలబెట్టారు. ఆ బంతి నేను మొదటిసారి పట్టుకున్నప్పుడు ఆయన మొహం చూసి నాకు భయమేసింది. మెచ్చుకునే చూపు కాదది. పోయిన మనిషి ఎదురుపడితే చూసే చూపు.

ఆ ఏడు నరసాపురం వైపు ఒక ఊరికి పోటీకి వెళ్ళి గెలిచాం. ఎక్కువ పాయింట్లు నావే. ఆ ఊరి పెద్దరైతు ఒకాయన, మహా సరదా మనిషి, టీము మొత్తాన్ని భోజనానికి పిలిచారు. హాల్లో అందరికీ అరిటాకులు, తాతగారికి వెండికంచం. పనసపొట్టు కూర, బూరెలు. టీములో ఊరి చివర పేట నుంచి వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. అలాంటి ఇళ్ళల్లో మావాళ్ళు లోపల కూర్చుని తినడం లేదు అప్పటికి. నేను చెప్పులు విప్పుతుంటే ఇంటావిడ దగ్గరికొచ్చి ఎంతో ఆప్యాయంగా, "నువ్వు పేట పిల్లవంట కదమ్మా? వెనక వరండాలో కూర్చోమ్మా, చల్లగా ఉంటుంది," అన్నారు.

తిట్టినా బాగుండేది. ఆ ఆప్యాయతకే నా కడుపు మండింది. వెళ్ళి కూర్చున్నాను. కిటికీలోంచి మా టీము పిల్లలు బూరెల్లో నెయ్యి వేయించుకోవడం కనబడుతోంది. ఈ ఆట నాకొద్దు, రేపటి నుంచి గ్రౌండు మొహం చూడను అని ఆ విస్తరి ముందే ఒట్టు పెట్టుకున్నాను.

అప్పుడే తాతగారు తలెత్తి కిటికీలోంచి నన్ను చూశారు. ఆయన చెయ్యి కంచం మీదే ఆగిపోయింది. ఇంటాయన "ఏంటండీ, ఏం కావాలండీ" అంటూ వెంటపడుతున్నా ఆగకుండా కంచం పట్టుకుని వరండాలోకి వచ్చి నా పక్కన కూలబడ్డారు. ఇంటావిడ బూరెల గిన్నెతో గుమ్మంలోనే నిలబడిపోయారు. తాతగారు ఏడుస్తూ ఏదో చెబుతుంటే, వెనకే వచ్చిన మా డ్రిల్లు టీచరుగారు తెలుగులో చెప్పారు.

ఆ బస్సు రోజుల్లో ఆయన ప్రాణస్నేహితుడు ఒక నల్లజాతి కుర్రాడు. ఆటలో కుడి మూల అతనిది. ఒక ఊళ్ళో హోటల్ వాళ్ళు అతన్ని లోపలికి రానివ్వలేదు. మిగతావాళ్ళంతా లోపల తిన్నారు, ఈయనతో సహా. కిటికీ అవతల చలిలో అతను నిలబడి చూశాడు. ఈయన తల దించుకుని తినడం ముగించారు. మర్నాడు ఆటలో అతను ఎప్పటిలాగే ఈయనకి చక్కగా బంతి అందించాడట. అది భరించలేకే ఆయన ఆట మానేశారట. క్షమించమని అడిగేలోపు ఆ స్నేహితుడు పోయాడు.

తర్వాత ఇద్దరం పక్కపక్కనే తిన్నాం. ఆయన నావైపు ఒక్కసారి కూడా చూడలేదు. ఆ పూట ఆయన భోంచేసింది నాతో కాదని నాకు అర్థమైంది. కోపం రావాలి, రాలేదు. ఎవరి కోసం వస్తేనేం, వచ్చారు. మర్నాడు గ్రౌండుకి వెళ్ళి కుడి మూలలో నిలబడ్డాను.

ఇప్పుడు పిల్లలకి నేనే ఆట నేర్పుతున్నాను. తల నెరిసింది. అలాంటి ఇళ్ళల్లోనే నన్ను మేడం అని పిలిచి లోపల కూర్చోబెట్టి వడ్డిస్తారు. విస్తరి ముందు కూర్చోగానే నా తల దానంతటదే కిటికీ వైపు తిరుగుతుంది. చాలాసార్లు అవతల ఎవరూ ఉండరు. ఉన్న రోజున విస్తరి పట్టుకుని లేస్తాను.